ఒక మార్కు మబ్బు

ఇరవై తొమ్మిదేళ్లు బళ్లో భూగోళం చెప్పాను. సిర్రస్ మేఘాలంటే పాఠంలో ఒకటిన్నర వాక్యం, పరీక్షలో ఒక మార్కు. పిల్లల్ని ఒక్కసారైనా బయటికి తీసుకెళ్లి చూపించలేదు. ఆ తప్పు నాదే.

మొన్న డాబా మీద వడియాలు పెడుతూ మా ఆవిడ, "ఏవండీ, ఆకాశంలో ఎవరో దూది ఏకినట్టు లేదూ?" అంది. 1802లో లండన్ మందుల వ్యాపారి ల్యూక్ హోవర్డ్ ఈ సిర్రస్ మబ్బులకే లాటిన్‌లో వెంట్రుకల పాయ అని అర్థమొచ్చే పేరు పెట్టాడు. నాకైతే దూదే నయం.

ఆ పోగులన్నీ మంచు పలుకులే. కింద ఎండ మాడుస్తున్నా, అయిదారు కిలోమీటర్లు పైకెళ్తే గడ్డకట్టే చలి. ఈ మబ్బులు ఇంకా పైన. అక్కడికెక్కిన కొద్దిపాటి ఆవిరి ఏ ధూళి రేణువునో పట్టుకుని స్ఫటికమవుతుంది. ఆధారం దొరకని నీటి బిందువు మైనస్ 38 డిగ్రీల దాకా గడ్డకట్టనని మొండికేస్తుంది! బరువెక్కిన పలుకులు జారతాయి. కింద గాలి వేగం వేరు కనుక పోగు తోక వంకరపోతుంది. నేల చేరేలోపే ఆవిరైపోతాయి. మనం చూసే పోగు నిజానికి రాలుతున్న మంచు.

ఇవే పల్చటి పొరగా పరుచుకుంటే చంద్రుడి చుట్టూ వరదగుడి కడుతుంది. చెయ్యి బారచాపి జాన పెట్టండి: చంద్రుడి నుంచి గుడి అంచు దాదాపు జానెడు, అంటే 22 డిగ్రీలు. దీనికి ల్యాబూ అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు. ఆ ఒక్క మార్కూ ప్రశ్నపత్రంలోంచి తీసేసి, వారానికో రోజు పిల్లల్ని మైదానంలో పైకి చూడమందాం. ప్రార్థనకి ఎలాగూ అక్కడే నిలబడతారు.