ఏ కాలేజీ బాబూ?

రైల్లో ఎదుటి సీటు పెద్దాయన కావచ్చు, పెళ్ళిచూపుల్లో పిల్ల మేనమామ కావచ్చు, ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు కనబడితే మనవాళ్ళు ముందు అడిగేది ఒకటే: "ఏ కాలేజీ బాబూ?" పేరు చెప్పగానే వాళ్ళ మొహంలో ఒక చిన్న మార్పు వస్తుంది. మన మార్కులు అక్కడే పడిపోతాయి. మా కాలేజీ పేరు చెప్తే మాత్రం ఏ మార్పూ రాదు, "అదెక్కడుంది?" అని ఇంకో ప్రశ్న వస్తుంది.

బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక ఆఫ్ క్యాంపస్ డ్రైవ్‌కి వెళ్ళాను. పొద్దున్నే ఆరింటికి క్యూలో నిలబడ్డాను. గేటు దగ్గర కూర్చున్నాయన నా రెజ్యూమే తీసుకుని, పక్కనున్న కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందిదాకా వెతికాడు. "మీ కాలేజీ లిస్టులో లేదు తమ్ముడూ" అని తిరిగిచ్చేశాడు. పరీక్ష కూడా రాయనివ్వలేదు. ఆ రోజు అమీర్‌పేటలో టీ తాగుతూ ఒక ఒట్టు లాంటిది పెట్టుకున్నాను. ఎప్పుడైనా ఆ కుర్చీలో నేను కూర్చుంటే కాలేజీ పేరు చూడనని.

ఈ మధ్య ఆ కుర్చీలో కూర్చున్నాను. పేరే ముందు చూశాను.

నేనిప్పుడు ఉండేది అమెరికాలో, సౌత్ కరొలైనా రాష్ట్రంలోని గ్రీన్‌విల్‌లో. ఒకప్పుడు బట్టల మిల్లుల ఊరు. ఇప్పుడు మిషెలిన్ టైర్ల కంపెనీ ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. బీఎండబ్ల్యూ కార్ల ఫ్యాక్టరీ పక్క కౌంటీలో ఉంది. వేడ్ హాంప్టన్ బులవార్డ్ అనే పెద్ద రోడ్డు మీద వెళ్తుంటే బాబ్ జోన్స్ యూనివర్సిటీ కనిపిస్తుంది. బైబిల్‌ని అక్షరాలా నమ్మే, కట్టుబాట్లు గట్టిగా పాటించే క్రైస్తవ విద్యాసంస్థ అది. 1927లో ఫ్లోరిడాలో మొదలై, టెనెసీ మీదుగా 1947లో ఈ ఊరొచ్చింది. మా టీమ్‌లో ఒక జూనియర్ డెవలపర్ ఉద్యోగానికి వచ్చిన రెజ్యూమేల్లో ఒకటి ఆ యూనివర్సిటీ కుర్రాడిది.

మన దగ్గర క్రైస్తవ కాలేజీ అంటే ఒక రకమైన గౌరవం. విజయవాడ లయోలాలో చదివానని మా పెదనాన్న ఇప్పటికీ ఛాతీ విరుచుకుని చెప్తాడు. ఏ మతం వాళ్ళయినా క్రమశిక్షణ, ఇంగ్లీషు వస్తాయని పిల్లల్ని అక్కడ చేర్పించేవాళ్ళు. అందుకే మా ఆఫీసులో ఈ పేరు వినగానే వచ్చిన స్పందన నాకు కొత్తగా అనిపించింది.

ఒక కొలీగ్ కనుబొమ్మలు ఎగరేసి "వాళ్ళా?" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. ఇంకొకావిడ ఇక్కడే పుట్టి పెరిగింది. "తీసుకో, టైముకి వస్తారు, అబద్ధం చెప్పరు, పని ఎగ్గొట్టరు" అంది. ఇద్దరూ ఆ కుర్రాణ్ణి చూడనే లేదు. ఒకరు పేరు చూసి తీసేశారు, ఒకరు పేరు చూసి ఎత్తేశారు.

ఇంటికెళ్ళి ఆ యూనివర్సిటీ గురించి చదివాను. చదవకుండా ఉండాల్సిందేమో.

1971 దాకా అక్కడ నల్లజాతి విద్యార్థుల్ని చేర్చుకోలేదు. ఆ తర్వాత కూడా నాలుగేళ్ళపాటు పెళ్ళయిన వాళ్ళనే ప్రధానంగా చేర్చుకున్నారు. 1975లో మిగతావాళ్ళకీ తలుపు తెరిచారు, కానీ ఒక నిబంధన ఉంచారు. వేరు వేరు జాతుల అబ్బాయి, అమ్మాయి డేటింగ్ చేయకూడదు, పెళ్ళి చేసుకోకూడదు. చేస్తే బయటికి పంపేస్తారు. దీని మీద పన్నుల శాఖ వాళ్ళ పన్ను మినహాయింపు తీసేసింది. "ఇది మా మత విశ్వాసం" అని యూనివర్సిటీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1983లో 8-1 తేడాతో ఓడిపోయింది. అమెరికాలో లా చదివే పిల్లలకి ఇది పాఠం. అంటే ఆ యూనివర్సిటీ పేరు దేశానికి తెలిసింది ముందుగా ఒక కేసు పేరుగా.

అయినా ఆ నిబంధన ఇంకో పదిహేడేళ్ళు బతికింది. 2000 ఫిబ్రవరిలో జార్జ్ బుష్ ఎన్నికల ప్రచారానికి అక్కడికెళ్ళి మాట్లాడాడు. దేశమంతా గొడవైంది. నెల తిరిగేసరికి అప్పటి ప్రెసిడెంట్ టీవీలో లారీ కింగ్ షోకి వచ్చి, నిబంధన ఎత్తేశామని చెప్పాడు. క్షమాపణ మాత్రం 2008లో వచ్చింది. లైంగిక వేధింపులకి గురైన విద్యార్థులతో యూనివర్సిటీ ఎలా వ్యవహరించిందో చూడమని వాళ్ళే పిలిపించుకున్న ఒక బయటి సంస్థ 2014లో నివేదిక ఇచ్చింది. అందులోనూ గట్టిగానే తప్పుపట్టారు. దానికీ క్షమాపణ చెప్పారు.

నాదీ గోధుమ రంగు చర్మమే. ఆ నిబంధన ఉన్న రోజుల్లో నేను ఆ క్యాంపస్‌లో ఉంటే? ఇది చదివాక ఆ రాత్రి నాకు కోపం రాలేదని చెప్తే అబద్ధమవుతుంది.

ఇంకో చిక్కు అక్రెడిటేషన్. చదువు నాణ్యత బయటివాళ్ళు పరీక్షించి ఇచ్చే గుర్తింపు అది. ఈ మాట విలువ తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీని మూయించినప్పుడు ఎంతమంది మన పిల్లలు రోడ్డున పడ్డారో, కొందరి కాళ్ళకి జీపీఎస్ పట్టీలు ఎలా తగిలించారో గుర్తుండే ఉంటుంది. అది వీసాల కోసం నడిపిన మోసం. బాబ్ జోన్స్ కథ వేరు. అక్కడ క్లాసులు నిజం, చదువు నిజం. బయటివాళ్ళ తనిఖీకి ఒప్పుకుంటే మా నమ్మకాల్లో వేలు పెడతారని దశాబ్దాలపాటు వాళ్ళే వద్దనుకున్నారు. 2006లో క్రైస్తవ కాలేజీలకి గుర్తింపునిచ్చే ఒక జాతీయ సంస్థ దగ్గర తీసుకున్నారు. చాలా యూనివర్సిటీలు తీసుకునే ప్రాంతీయ గుర్తింపు 2017లో వచ్చింది. పన్ను మినహాయింపు కూడా ఆ ఏడాదే తిరిగొచ్చింది.

సంస్థ తన పట్టుదల కోసం గుర్తింపు వద్దనుకుంటే దాని ఖర్చు ఎవరు భరించారు? పై చదువుకి దరఖాస్తు పెట్టిన ప్రతిచోటా "మా డిగ్రీ నిజమైనదే" అని వివరణ ఇచ్చుకున్న పిల్లలు. పేరు సంపాదించేది సంస్థ, దాని బాకీ తీర్చేది ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళు.

సరే, ఇంటర్వ్యూ రోజు వచ్చింది. టై కట్టుకుని వచ్చాడు. మా ఆఫీసులో టై కట్టుకున్న మనిషిని చూసి చాలా రోజులైంది. ఇచ్చిన కోడింగ్ సమస్యని ముక్కలు చేసి, ఒక్కో ముక్కా పరీక్షిస్తూ రాశాడు. ఒకచోట ఆగి "ఇది నాకు తెలియదు, వెతికి చూసుకోవాలి" అన్నాడు. తెలియకపోయినా నోటికొచ్చింది చెప్పే వాళ్ళని నేను చాలామందిని చూశాను, ఒకప్పుడు నేనూ అదే చేశాను. మీకంటే భిన్నమైన వాళ్ళతో ఎప్పుడైనా పనిచేశారా అని అడిగాను. అందర్నీ అడిగే ప్రశ్నే, కానీ ఆ రోజు కొంచెం గట్టిగా అడిగినట్టున్నాను. సెలవుల్లో ఒక హోటల్ వంటగదిలో పనిచేశానని, అక్కడందరూ స్పానిష్ మాట్లాడేవాళ్ళని, మొదటి నెల తనే అందరికీ అడ్డంగా ఉండేవాణ్ణని చెప్పాడు.

చివర్లో మీరేమైనా అడగాలా అంటే ఒకే ప్రశ్న అడిగాడు. "ఆదివారం పొద్దున ఆన్‌కాల్ పడితే ఎవరితోనైనా శనివారానికి మార్చుకోవచ్చా?"

ఇక్కడ ఇంటర్వ్యూలో మతం గురించి మనం అడగకూడదు. 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం మతం చూసి ఉద్యోగం నిరాకరించడం చట్టవిరుద్ధం. మత ఆచారాలకి వీలు కల్పించడం కంపెనీకి నిజంగా భారమైతే తప్ప కాదనడానికి లేదు. ఆదివారం పని చేయనన్న ఒక పోస్టల్ ఉద్యోగి కేసులో 2023లో సుప్రీంకోర్టు ఈ సంగతే మరింత గట్టిగా చెప్పింది. అయినా చట్టం దాకా ఎందుకు? వినాయక చవితికి నేను ఆన్‌కాల్ మార్చుకోలేదా?

అతను వెళ్ళాక మార్కుల ఫారం నింపాను. అయిదుకి కోడింగ్‌లో 4, ఆలోచనా తీరుకి 4, మాట తీరుకి 3. "టీమ్‌లో ఇమడగలడా" అనే గడిలో 2. కారణం రాయాలి కదా, "కొంచెం బిగుసుకుపోయి ఉన్నాడు" అని రాశాను.

ఎందుకో రెండ్రోజుల ముందు వచ్చిన ఇంకో కుర్రాడి ఫారం తీసి చూశాను. పేరున్న స్టేట్ యూనివర్సిటీ. వాడూ బిగుసుకుపోయే ఉన్నాడు, చెమటలు కూడా పట్టాయి. నేను రాసింది ఏంటంటే: "మొదటి ఇంటర్వ్యూ కంగారు, సర్దుకుంటాడు." మార్కులు 4.

ఆ రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. బాబ్ జోన్స్ ఆ నిబంధన ఎత్తేసేటప్పటికి ఈ కుర్రాడు పుట్టనే లేదు. గేటు దగ్గర లిస్టు మీద వేలు పెట్టి వెతికినాయనకి కనీసం పైవాళ్ళు ఇచ్చిన లిస్టు ఉంది. నా లిస్టు నేనే రాసుకున్నాను.

2 కొట్టేసి 4 వేశాను.

అతనికి ఉద్యోగం వచ్చిందా అంటే, రాలేదు. డేటాబేస్ పని బాగా తెలిసిన ఇంకో అమ్మాయి వచ్చింది, ఆమెని తీసుకున్నారు. కాలేజీ పేరు వల్ల కాదని ఇవాళ ధైర్యంగా చెప్పగలుగుతున్నానంటే, రెండోసారి మార్కులు వేశాను కాబట్టే. మొదటి ఫారమే పంపి ఉంటే ఈ మాట అనుకోవడానికి కూడా నాకు మొహం ఉండేది కాదు.

ఆ యూనివర్సిటీ చేసింది మర్చిపోవాలని నేను అనను. కోర్టు తీర్పు ఉంది, క్షమాపణలు ఉన్నాయి, అవి ఎంత ఆలస్యంగా వచ్చాయో కూడా ఉంది. ఆ లెక్కలు సంస్థని అడగాలి. ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాణ్ణి మాత్రం అతను రాసిన కోడ్ గురించి అడగాలి.

మొన్న అమ్మ ఫోన్ చేసింది. మా బాబాయి కొడుక్కి కౌన్సెలింగ్‌లో సీటొచ్చిందట. ఎంత ఆపుకుందామన్నా నా నోట్లోంచి ముందొచ్చిన మాట ఏంటో మీకు తెలుసుగా.

"ఏ కాలేజీ?"