పైపు మారిస్తే బండికి పౌరుషం వస్తుందా?

మామిడి సీజన్ ముగిసి మండీల దగ్గర లెక్కలు తేలగానే మన శ్రీనివాసపురంలో ఇంకో సీజన్ మొదలవుతుంది. అది బండ్లకు పైపులు మార్చే సీజన్. మనకంటే నాలుగైదేళ్ళు పెద్దవాళ్ళైన అన్నలు కంపెనీ ఇచ్చిన ఇంటేక్ మ్యానిఫోల్డ్ తీసేసి లావు పైపు వేయిస్తారు. లేదంటే ఉన్నదాన్నే లోపల గీకించి నున్నగా చేయిస్తారు. దానికి తోడు పెద్ద కార్బురేటర్, ఓపెన్ ఫిల్టర్. మొత్తం కలిపితే ఎనిమిది వేలు అవుతుంది. "పికప్ చూడరా, గుర్రమే!" అంటారు. మన పిల్లలు నోరు తెరుచుకొని చూస్తారు. ఆ ఎనిమిది వేలు దండగ అని నేనంటాను. ఊరికే అనడం లేదు, లెక్క చూపించి అంటాను.

మొదట ఈ మ్యానిఫోల్డ్ అంటే ఏమిటో తెలుసుకోవాలి. కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే చిన్న పైపు అది. గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం దానిలోంచే ఇంజన్ లోపలికి పోతుంది. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. కాబట్టి గాలి ఎక్కువ పోతే బలం ఎక్కువ వస్తుంది అనే మాట అబద్ధం కాదు. కానీ పైపు లావు చేసినంత మాత్రాన గాలి ఎక్కువ పోతుందా అన్నదే ప్రశ్న.

మన కోలారు జిల్లావాళ్ళకు ఇది ఎవరూ నేర్పించక్కర్లేదు. ఏడాది పొడవునా పారే నది లేని జిల్లా మనది, బోర్లతో బ్రతుకుతున్నాం. ఒక అంగుళం నీళ్ళిచ్చే బోరుకు మూడంగుళాల పైపు వేస్తే మూడంగుళాల నీళ్ళు వస్తాయా? ఏ రైతును అడిగినా నవ్వుతాడు. ఇంజన్ కూడా అంతే. స్ప్లెండర్ బండిది 97.2 సీసీ ఇంజన్. అది నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి రెండు తిప్పులకు ఒక్కసారి గాలి పీలుస్తుంది. నిమిషానికి 8,000 తిప్పులు తిరిగినా 4,000 సార్లే పీలుస్తుంది. 97.2ను 4,000తో గుణిస్తే సుమారు 389 లీటర్లు. సిలిండర్, వాల్వులు, క్యామ్ మార్చకుండా పైపు ఒక్కటే మారిస్తే పిస్టన్ పెద్దదైపోదు. కంపెనీవాళ్ళు ఆ గాలి లెక్క చూసుకునే ఆ పైపు కొలత పెట్టారు.

లాభం లేకపోతే పోయింది, నష్టం కూడా ఉంది. తోటలో నీళ్ళు పట్టేటప్పుడు పైపు మూతికి వేలు అడ్డం పెడితే నీళ్ళు జోరుగా చిమ్ముతాయి. వేలు తీస్తే కాళ్ళ దగ్గరే పడతాయి. అదే గాలి లావు పైపులో పోతే వేగం తగ్గుతుంది. తక్కువ తిప్పులలో గాలి మెల్లగా పోతే పెట్రోలు బాగా చెదిరి కలవదు, గోడలకు అంటుకుంటుంది. అప్పుడు బండి రెండో గేరులో ముక్కుతుంది, మైలేజి పడిపోతుంది. మన సంత వీధిలో, బస్టాండు దగ్గర, మట్టి రోడ్డు మీద బండి పోయేది ఆ తక్కువ తిప్పులలోనే కదా! 8,000 తిప్పులు తిప్పడానికి ఇక్కడ రోడ్డెక్కడ ఉంది?

సరే, అన్నల మాటే నిజమనుకుందాం. అన్నీ సరిగ్గా కుదిరి బలం నూటికి ఐదు పెరిగిందనుకుందాం. స్ప్లెండర్ బలం 8 పీఎస్. దానిలో ఐదు శాతం అంటే 0.4 పీఎస్. వేగం కూడా ఐదు శాతం పెరుగుతుందా అంటే అదీ లేదు. వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలి అడ్డు చాలా ఎక్కువవుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే 80లో పోయే బండి 81 దాటి కొంచెం పోతుంది, అంతే. ఇక్కడి నుంచి కోలారుకు సుమారు 25 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా పోయినా 20 సెకన్లు కూడా మిగలవు. ఒక గేదె అడ్డమొస్తే ఆ 20 సెకన్లూ పోయినట్టే.

ఇంకో లెక్క చెప్తాను. స్ప్లెండర్ బరువు 112 కిలోలు. దాని మీద మన అన్నలు ముగ్గురు కూర్చుంటారు. మనిషికి 60 కిలోలు అనుకుంటే మొత్తం 292 కిలోలు. మూడోవాణ్ణి దింపేస్తే ఐదో వంతు బరువు తగ్గిపోతుంది. ఏ మ్యానిఫోల్డూ ఇవ్వని పికప్ అది. ఖర్చు సున్నా. పైగా పోలీసులు కూడా ఆపరు.

దీనికి వాళ్ళు చెప్పే జవాబులు నాకు తెలుసు. "పాత ఆర్‌ఎక్స్ 100 చూడు, అదీ నూరు సీసీనే, ఎట్లా దూకుతుందో" అంటారు. 1985 నుంచి 1996 వరకు వచ్చిన ఆ బండి 98 సీసీకే 11 హార్స్‌పవర్ ఇచ్చేది, నిజమే. కానీ అది రెండు స్ట్రోకుల ఇంజన్. తిప్పు తిప్పుకూ మండుతుంది. మన బండ్లు రెండు తిప్పులకు ఒకసారి మండుతాయి. ఆ తేడా ఇంజన్ పుట్టుకలో ఉంది, పైపులో లేదు. ఆవుకు గుర్రం జీను వేస్తే ఆవు పరుగెత్తదు.

"రేసులవాళ్ళు మారుస్తారు కదా" అంటారు. అవును, మారుస్తారు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో పరుగెత్తే బండ్లకు మార్పు అవసరమే. వాళ్ళు పైపుతో పాటు క్యామ్, కార్బురేటర్, సైలెన్సర్ అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా మారుస్తారు. మిషను మీద పెట్టి బలం కొలుస్తారు. ఎప్పుడూ ఎక్కువ తిప్పులలోనే నడుపుతారు. మన అన్నలు దేనితో కొలిచారు? చెవితో కొలిచారు! ఓపెన్ ఫిల్టర్ పెడితే గాలి పీల్చే శబ్దం పెద్దగా వినిపిస్తుంది. శబ్దం పెరిగితే స్పీడు పెరిగినట్టే అనిపిస్తుంది. ఎనిమిది వేలకు వాళ్ళు కొన్నది ఆ శబ్దాన్నే.

ఆ ఓపెన్ ఫిల్టర్ మన ఎర్రమట్టి దుమ్మును సరిగ్గా ఆపకపోతే దుమ్ము నేరుగా ఇంజన్‌లోకి పోతుంది. పిస్టన్ రింగులు అరిగి పొగ మొదలవుతుంది. అప్పుడు బోరింగ్ ఖర్చు వేరే. ఇక 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బండ్లలో కార్బురేటర్ కాదు, ఇంజెక్షన్ ఉంటుంది. దానిలోని చిన్న కంప్యూటర్ కంపెనీ పైపు లెక్కకే పెట్రోలు చిమ్ముతుంది. పైపు మార్చి ఆ లెక్క తప్పిస్తే బండి మొరాయిస్తుంది, వారంటీ కూడా పోవచ్చు.

చట్టం కూడా ఒకసారి చూడండి. అనుమతి లేకుండా బండిలో మార్పులు చేస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ అని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. పదునెనిమిది ఏళ్ళు నిండని మనం నడుపుతూ నేరం చేసి దొరికితే ఇంట్లో పెద్దవాళ్ళకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు. మనకు ఇరవై ఐదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు లేదు. ఈ మాట మా తొమ్మిది, పది తరగతుల వాళ్ళు ముఖ్యంగా వినాలి.

చివరికి "మా డబ్బు మా ఇష్టం" అంటారు. ఆ డబ్బు ఎవరిది? 2025 జూన్‌లో తోతాపురి ధర పడిపోయి, చిత్తూరు జిల్లాలోకి మన కాయను రానివ్వక, మన ఊర్లో బంద్ చేసిన సంగతి అందరికీ గుర్తుంది. తర్వాత కేంద్రం క్వింటాలుకు 1,616 రూపాయల ధర లెక్కగట్టింది. ఆ ధర అందినా సరే, ఎనిమిది వేలు కావాలంటే ఐదు క్వింటాళ్ళ కాయ అమ్మాలి. ఇరవై కిలోల క్రేట్లైతే పాతిక. నాయన చెట్టెక్కి కోసి, అమ్మ కాయలు ఏరి క్రేటుకు వేసి, తెల్లవారకముందే మండీకి తోలిన సొమ్ము అది. పాతిక క్రేట్ల మామిడి ఒక జానెడు పైపులో పోసి ఊదేయడం ఏమి పౌరుషం?

బండి బాగా పోవాలని కోరుకోవడం తప్పని నేను అనడం లేదు. దానికి దారి వేరే ఉంది. ముందు మీ మ్యానిఫోల్డ్ రబ్బరును చేత్తో వంచి చూడండి. పాత బండ్లలో అది ఎండి చీలుతుంది. చీలికలోంచి దొంగగాలి దూరితే పెట్రోలు తక్కువై ఇంజన్ వేడెక్కుతుంది, ఆగినచోట తిప్పులు నిలకడగా ఉండవు. అలా ఉంటే కంపెనీ రబ్బరే కొత్తది వేయించండి. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయించండి. ట్యాపెట్ సరిచేయించండి, చైను బిగించి నూనె పెట్టించండి, టైర్లలో గాలి చూసుకోండి. కొత్తలో ఉన్న పికప్ చాలావరకు తిరిగొస్తుంది. మిగిలిన డబ్బుతో బ్రేకు షూలు, అరగని టైరు, ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ కొనండి. వేగంగా పోయేది ఎట్లాగో తెలిసినవాడికి ఆగేది ఎట్లాగో కూడా తెలియాలి.

మెకానిక్ అన్నలకు కూడా ఒక విన్నపం. మీకు ఈ సంగతులన్నీ మాకంటే బాగా తెలుసు. పిల్లవాడు డబ్బుతో వచ్చి "లావు పైపు వెయ్యి" అన్నప్పుడు, "దీనివల్ల ఏమీ రాదప్పా, సర్వీసు చేయించుకో" అని ఒక్క మాట చెప్పండి. ఆ రోజు పని చిన్నదైనా ఆ పిల్లవాడు పదేళ్ళు మీ దగ్గరికే వస్తాడు.

అన్నలారా, తమ్ముళ్ళారా! ముందు మీ బోరులో నీళ్ళెన్నో చూసుకోండి. తర్వాత పైపు సంగతి ఆలోచిద్దాం.