విశేషణము – లాటిను కొలత

లాటిను భాషలో విశేషణము లింగ వచన విభక్తులందు విశేష్యమును అనుసరించును. మంచి బాలుడు ‘పుఎర్ బొనుస్’, మంచి బాలిక ‘పుఎల్ల బొన’, మంచి కానుక ‘దోనుమ్ బొనుమ్’. ‘ఫొర్తిస్’ (బలముగల) వంటి పదములకు పుంస్త్రీలింగములలో ఒకే రూపము, నపుంసకమున ప్రథమావిభక్తిలో ‘ఫొర్తె’ యను వేరు రూపము కలదు. సంస్కృతమునను ‘సుందరః, సుందరీ, సుందరమ్’ అని ఇట్టి పద్ధతియే కానవచ్చును. ఈ రెంటిని ప్రమాణముగా గైకొనువారికి బాలునకు, బాలికకు, కానుకలకు మారక నిలుచు తెలుగు ‘మంచి’ కొరతగా తోచవచ్చును.

ఆ తలంపు సరికాదు. విశేష్యమునకు ముందు నిలిచినపుడు స్థానమే సంబంధమును తెలుపుచున్నది; కనుక ప్రత్యయముతో పనిలేదు. ‘మంచివాడు, మంచిది, మంచివారు’ అనునపుడు లింగవచనములు వ్యక్తమగుచునే యున్నవి. కాంబెల్ తెలుగు వ్యాకరణమున (1816) ఎల్లిస్ తెలుగు సంస్కృతజన్యము కాదని వాదించెను. కుటుంబము వేరని యొప్పుకొనియు పాత కొలబద్దను విడువకుండుట సమంజసము కాదు.

మిన్నీ బే యున్న దక్షిణ అండమాను ఒకప్పుడు అకా-బెయా భాషకు నెలవు. అందు ‘బేరింగ’ యనగా మంచి. దానికి ముందు చేతిని సూచించు ‘ఉన్’ చేరిన నేర్పరి. కంటిని సూచించు ‘ఇగ్’ చేరిన చురుకైన చూపుగలవాడు. నోటిని సూచించు ‘అకా’ చేరిన భాషానిపుణుడు. ఇచట విశేషణము మారుచున్నది; కాని మార్పు పదాంతమున కాక మొదట, లింగమును బట్టి కాక దేహభాగమును బట్టి కలుగుచున్నది. లాటిను పట్టికలో దీనికి చోటులేదు. ఐరోపా వ్యాకరణ పరిభాష ఈ భాషలకు చాలదని రిచర్డ్ టెంపుల్ గుర్తించెను. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధముననే ఆ భాష అంతరించినది. నాటి లేఖకులు వ్రాయక విడిచినది నేడు అడిగి తెలిసికొనుటకు వక్తలు లేరు.

పోర్టుబ్లెయిరు (2024 నుండి శ్రీవిజయపురము) పరిసరములలో తెలుగువారు హిందీ వ్యవహారము నడుమ జీవించుచున్నారు. ‘అచ్ఛా లడ్కా, అచ్ఛీ లడ్కీ’ యను హిందీలో విశేషణము లింగమును బట్టి మారును. అట్టి సాహచర్యమున తెలుగు విశేషణము నిలిచినదా, మారినదా యను ప్రశ్న పరిశోధనార్హము. అందుకు మిన్నీ బేకు పోవు పరిశోధకుడు సిద్ధము చేసిన పట్టికను నింపుటకు గాక, జనులు పలుకు వాక్యములను ఉన్నవి ఉన్నట్లు వ్రాసికొనుటకు పోవలెను. పట్టికలో గడి ఖాళీగా నున్నంతమాత్రమున భాషయందు లోపమున్నదని నిర్ణయింపరాదు.