గుడి కదిలింది, మరి ఊరు?

మొన్న లాంగ్ వీకెండ్‌కి నేనూ, నా ఫ్రెండూ హైదరాబాద్ నుంచి అలంపురం వెళ్ళాం. ఇద్దరం ఇంజనీరింగులో క్లాస్‌మేట్స్. వాడిది కొల్లాపూర్ వైపు. జోగులాంబ దర్శనం చేసుకుని రాత్రికి వచ్చేద్దామని ప్లాన్.

అమ్మవారి గుడి దగ్గరా, బాలబ్రహ్మ గుడి దగ్గరా జనం బాగానే ఉన్నారు. కాస్త దూరంలో ఉన్న సంగమేశ్వరాలయానికి వెళ్తే మాత్రం ఒక్కరంటే ఒక్కరు లేరు. లోపల చల్లగా ఉంది. సెల్లు సైలెంట్‌లో పెట్టి, స్తంభాలకి ఆనుకుని అరగంట అలా కూర్చుండిపోయాం. ఆన్‌కాల్ గోల లేని అరగంట దొరికి ఎన్నాళ్ళైందో :)

అసలీ గుడి ఇక్కడిది కాదు. కృష్ణా, తుంగభద్రా కలిసే చోట, కూడవెల్లిలో ఉండేది. బాదామి చాళుక్యుల కాలం నాటిది. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతుందని రాయి రాయీ విప్పి, తెచ్చి, ఇక్కడ మళ్ళీ పేర్చారు. మనం ఒక పాత డేటాబేస్‌ని వేరే సర్వర్‌కి మార్చాలంటేనే నెలల తరబడి మీటింగులు పెడతాం. అలాంటిది 1300 ఏళ్ళ గుడిని మార్చి నిలబెట్టారంటే మాటలా!

అదే వాడితో అన్నా. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "మా తాతోళ్ళ ఊరు గూడ ఆ నీళ్ళల్లనే పోయింది రా. దాన్ని ఎవ్వరూ గిట్ల పేర్చలే" అన్నాడు.

నాలుగేళ్ళు ఒకే రూమ్‌లో ఉన్నాం. ఈ సంగతి నాకు తెలీనే తెలీదు.

1981లో ఆ ఊళ్ళు ఖాళీ చేయించారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి సుమారు లక్ష మంది. నిర్వాసితుల ఇళ్ళల్లో ఉద్యోగాలిస్తామని 1986లో జీవో 98 వచ్చింది. దాని కోసం ఎదురుచూస్తూనే ఎంతోమందికి వయసైపోయింది.

ప్రాజెక్టులు వద్దని నేననను. శ్రీశైలం కరెంటుతో పెరిగినవాణ్ణే నేనూ. నా బాధల్లా ఒకటే. గుడి విషయంలో ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో చూసుకున్నాం. ఊరి విషయంలో ఏ ఇంటి పక్కన ఏ ఇల్లుండేదో చూసుకోలేదు. డబ్బులు చేతిలో పెట్టి టికెట్ క్లోజ్ చేసేశాం. పక్కింటివాళ్ళు తలో దిక్కూ అయిపోయాక అది ఊరెలా అవుతుంది?

ఇది పాత కథ కూడా కాదు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల కోసం నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాల్లో మళ్ళీ ఊళ్ళూ, తండాలూ కదిలాయి. రాళ్ళని జాగ్రత్తగా కదిలించడం మనకి చేతనవును. మనుషుల్ని కదిలించడమే ఇంకా నేర్చుకోలేదు.

ఈసారి అలంపురం వెళ్తే సంగమేశ్వరాలయంలో కాసేపు కూర్చోండి. మీ టీమ్‌లో కొల్లాపూర్ వైపు వాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళ తాతగారి ఊరి పేరు ఒకసారి అడగండి.