రాజు పుట్టినరోజు, ప్రజల పండగ

రాచరికాన్ని హేతువాది సమర్థించగలడా? లేడు. ఫలానా తల్లి కడుపున పుట్టాడు కాబట్టి దేశానికి అధిపతి అనడం, ఫలానా కులంలో పుట్టాడు కాబట్టి పూజారి అనడం లాంటిదే. అయినా నెదర్లాండ్స్‌లో ఉన్న నాలుగేళ్లూ నేను ఏప్రిల్ 27 కోసం ఎదురుచూసేవాణ్ణి. అది ఆ దేశపు రాజు విల్లెం అలెగ్జాండర్ పుట్టినరోజు. అక్కడ జాతీయ సెలవు.

ఈ పండగ 1885లో విల్హెల్మినా అనే అయిదేళ్ల రాకుమారి పుట్టినరోజుగా ఆగస్టు 31న మొదలైంది. 1949లో ఆమె కూతురు యులియానా పుట్టినరోజైన ఏప్రిల్ 30కి మారింది. ఆ తర్వాత రాణి అయిన బెయాట్రిక్స్ పుట్టింది జనవరి 31న. ఆ చలిలో జనం వీధుల్లోకి ఏం వస్తారు? అందుకే తల్లి పుట్టినరోజునే పండగగా ఉంచేశారు. 2014 నుంచి ఏప్రిల్ 27. అదీ ఆదివారం పడితే ముందురోజే జరుపుకుంటారు. జనానికి వీలైనదే ముహూర్తం అన్నమాట! మన పంచాంగకర్తలు గమనించాలి.

ఆరోజు గుడి లేదు, పూజ లేదు, చందాల పుస్తకం లేదు. ఉన్నదల్లా సంత. ఇంట్లో వాడని సామాన్లు ఎవరైనా వీధిలో పెట్టి అమ్ముకోవచ్చు. లైసెన్సు అక్కర్లేదు, అమ్మకపు పన్ను లేదు. ముందుగానే పేవ్‌మెంటు మీద సుద్దముక్కతో గీత గీసి చోటు పట్టుకుంటారు. పిల్లలు తమ బొమ్మలు తామే బేరమాడి అమ్ముతారు. మూడో ఏడాది మేమూ దుప్పటి పరిచాం. పాత పుస్తకాలు, పిల్లాడికి పొట్టయిపోయిన బూట్లు, ఒక ఇడ్లీ స్టాండు. మీది ఏ దేశం, ఏ మతం అని ఎవరూ అడగలేదు. ఇడ్లీ స్టాండు ఎందుకు పనికొస్తుందని మాత్రం చాలామంది అడిగారు. అంతవరకు పలకరింపుతో సరిపెట్టిన పక్కింటివాళ్లు ఆరోజు మా దుప్పటి మీద కూర్చుని కాఫీ తాగారు. రాజు ఊసెత్తిన వాళ్లే లేరు.

అక్కడంతా బాగుందని అనను. 2013 ఏప్రిల్ 30న, ఇప్పటి రాజు గద్దెనెక్కిన రోజు, ఆమ్‌స్టర్‌డామ్‌లో రాచరికానికి వ్యతిరేకంగా నిలబడిన ఇద్దరిని పోలీసులు పట్టుకుపోయి, తర్వాత అది పొరపాటని ఒప్పుకున్నారు. ప్రశ్నించేవాడంటే రాజ్యానికి ఎక్కడైనా ఇబ్బందే.

ఇప్పుడు మేముండేది నోయిడాలో. దేవుడితో పని లేకుండా దేశమంతా జరుపుకునే జాతీయ పండగలు మనకు మూడే: జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2. అందులో జనవరి 26 ఒక రాజ్యాంగం పండగ. శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుడి విధిగా చెప్పే 51-ఎ(హెచ్) అధికరణం ఉన్న రాజ్యాంగం. పుట్టుకకు కాక ఆలోచనకు పట్టం కట్టిన రోజు. హేతువు ప్రకారం చూస్తే డచ్చివాళ్ల పండగ దీని దరిదాపుల్లోకి రాదు.

కానీ జరిగే తీరు చూడండి. ముందురాత్రే సరిహద్దుల్లో లారీలు ఆగిపోతాయి. బారికేడ్లు, పాసులు, తనిఖీలు. 1955 నుంచి పరేడ్ జరుగుతున్న ఆ రోడ్డుకు బ్రిటిష్‌వాళ్లు పెట్టిన పేరు కింగ్స్‌వే. తర్వాత రాజ్‌పథ్ అయింది, 2022లో కర్తవ్యపథ్ అయింది. పేరు మారింది గానీ జనం చోటు మారలేదు. అదే రోడ్డు పక్కన, అదే తాడు వెనకాల. భద్రత కోసమంటారు. 2009లో అపెల్‌డోర్న్‌లో రాణి ఊరేగింపు చూస్తున్న జనం మీదికి ఒకడు కారు తోలి ప్రాణాలు తీశాడు. మరుసటేడు డచ్చి జనం మళ్లీ వీధుల్లోనే ఉన్నారు.

ఢిల్లీ పరేడ్ సంగతి ప్రభుత్వం చూసుకుంటుంది. మన అపార్ట్‌మెంటు సంగతో? జెండా తాడు సిద్ధం చేసేది సెక్యూరిటీ గార్డు, కుర్చీలు తుడిచేది పనిమనిషి. ఉపన్యాసం అయ్యేదాకా ఇద్దరూ నిలబడే ఉంటారు. చివర్లో లడ్డూ మాత్రం చేతిలో పెడతాం. రాజ్యాంగ పీఠికలోని సమానత్వం మన కుర్చీల వరుస దగ్గరే ఆగిపోతోంది.

ఈ జనవరి 26న కుర్చీలు తీసేసి ఒక పెద్ద జంపఖానా పరుద్దాం. పీఠికను వాచ్‌మన్ కూతురి చేత చదివిద్దాం. రాజు పుట్టినరోజున పరాయి దేశస్థుడినైన నాకు ఒక వీధిలో చోటు దొరికింది. రాజ్యాంగం పండగ రోజున ఈ దేశపు పౌరురాలికి మన పక్కన చోటు దొరకొద్దూ?