సాహసానికి అండ

విద్యకు పరమార్థం ఉద్యోగమేనన్న భావన సమాజంలో బలంగా నాటుకొని ఉంది. పట్టా చేతికి రాగానే కొలువు వెదకుకోవడం సహజమే. అయితే పదిమందికి కొలువు చూపగల సంస్థను తామే స్థాపించాలని తలచే యువతీయువకులు ప్రతి తరంలోనూ ఉంటారు. వారిని వెనుకకు లాగేది తెలివితేటల కొరత కాదు. అనుభవలేమి, ఓటమి భయం. ఈ రెండింటినీ ఎదుర్కొనడానికి ఐరోపాలో విద్యార్థులు, ప్రభుత్వాలు చేసిన కృషి పరిశీలించదగినది.

అనుభవలేమికి విద్యార్థులే విరుగుడు కనుగొన్నారు. 1967లో పారిస్‌లోని ఎస్సెక్ వ్యాపార విద్యాలయ విద్యార్థులు తొలి ‘జూనియర్ ఎంటర్‌ప్రైజ్’ను నెలకొల్పారు. విద్యార్థులే నడిపే ఇటువంటి సంఘం బయటి సంస్థల నుండి పనులు స్వీకరించి, రుసుము తీసుకొని పూర్తిచేసి ఇస్తుంది. లాభార్జన కాక, పని నేర్చుకోవడమే దాని ధ్యేయం. ఈ పద్ధతి ఇతర దేశాలకూ పాకింది. 1992లో వివిధ దేశాల సంఘాలు కలిసి ఐరోపా సమాఖ్యగా ఏర్పడ్డాయి.

ఈ శిక్షణ వృథా పోదనడానికి జర్మనీలోని మ్యూనిక్ నగరం నిదర్శనం. అక్కడి విద్యార్థి సంఘం ఒకటి ఒక ప్రసార సంస్థకు సలహాలిచ్చే పని చేపట్టింది. కంప్యూటర్లలో నమోదైన వివరాలను బట్టి పని ఎక్కడ నిలిచిపోతున్నదో కనిపెట్టవచ్చునన్న ఆలోచన ఆ సందర్భంలోనే బలపడింది. దాని ఆధారంగా ముగ్గురు విద్యార్థులు 2011లో ‘సెలోనిస్’ సంస్థను స్థాపించారు. అది నేడు అంతర్జాతీయ సంస్థగా ఎదిగింది.

ఇక ఓటమి భయం. దీనిపై ఫిన్లాండ్ విద్యార్థులు సూటిగా పోరాడారు. ఆ దేశానికి గర్వకారణమైన నోకియా ఫోన్ల వ్యాపారం సన్నగిల్లుతున్న రోజులవి. ‘ఆల్టోఎస్’ అనే విద్యార్థి సంఘం 2010లో అక్టోబరు 13వ తేదీని ‘ఓటమి దినం’గా ప్రకటించింది. తమ పొరపాట్లను నలుగురిలో చెప్పుకోవడం సిగ్గుపడవలసిన పని కాదని చాటింది. 2008లో హెల్సింకీలో మొదలైన ‘స్లష్’ అనే అంకుర సంస్థల సమావేశాన్ని తరువాత విద్యార్థులే చేపట్టి, ప్రపంచ ప్రసిద్ధం చేశారు.

అయితే స్నేహితుల ప్రోత్సాహం ధైర్యాన్నిస్తుంది గాని ఇంటి అద్దె చెల్లించదు. ఆస్తిపరుల బిడ్డకు ఓటమి ఒక అనుభవం. పేదింటి బిడ్డకు అది తీరని అప్పు. కనుకనే ప్రభుత్వ సహాయం అవసరమవుతుంది. జర్మనీ 1998లో ‘ఎగ్జిస్ట్’ పథకాన్ని ఆరంభించింది. 2007 నుండి విశ్వవిద్యాలయాల ద్వారా ఏడాది వరకు జీవన భృతి ఇస్తున్నది. ఫ్రాన్సు 2014లో విద్యార్థి వ్యవస్థాపకులకు ప్రత్యేక గుర్తింపు కల్పించింది. దానితో చదువులో భాగమైన శిక్షణకు బదులు వారు తమ సంస్థ కోసమే పనిచేసే వీలు కలిగింది. ఐరోపా సమాఖ్య 2009లో ప్రారంభించిన మరొక పథకం కొత్తవారిని ఆరు నెలల వరకు మరొక దేశంలోని అనుభవజ్ఞుల చెంతకు పంపుతున్నది.

అంకుర సంస్థల్లో అనేకం నిలవవు. అటువంటి వాటికి ప్రజాధనం వెచ్చించడం తగునా అని కొందరు ప్రశ్నిస్తారు. ప్రశ్న సమంజసమే. కాని సంస్థ మూతపడినా నేర్చిన విద్య మూతపడదు. లెక్కలు చూడటం, మాట నిలుపుకోవడం, పదిమందితో కలిసి పనిచేయడం తెలిసిన యువకుడు ఏ కొలువులోనైనా రాణిస్తాడు. అందరూ వ్యాపారులు కానక్కరలేదు. ప్రయత్నించదలచినవారిని మాత్రం పేదరికం అడ్డగించకూడదు.

తోటివారి సాహచర్యం, ప్రభుత్వ చేయూత ఒకదానికొకటి పూరకాలు. మొదటిది నడక నేర్పుతుంది; రెండవది పడినప్పుడు గాయం లోతుగా తగలకుండా కాపాడుతుంది. ఈ రెండూ ఉన్నచోట సాహసం ధనవంతుల సొత్తుగా మిగలదు. అర్హత గల ప్రతి విద్యార్థికీ అందుబాటులోకి వస్తుంది.