ఆడించు యంత్రము, ఆడనీయని గది

ప్రజారోగ్యమును గూర్చి ఆలోచించు పెద్దలలో కొంతకాలముగా ఒక విచిత్రమైన ఆశ పాదుకొని యున్నది. బిడ్డను కదలనీయక కూర్చుండబెట్టి లావెక్కించిన తెరయే, కొంత నేర్పుగా మలచినచో, ఆ బిడ్డను లేపి గంతులు వేయింపగలదని వారి నమ్మకము. నవ్వి త్రోసిపుచ్చదగిన మాట కాదిది. 1998లో జపానుకు చెందిన కొనామి సంస్థ, తెరపై బాణపు గుర్తులు మెఱసినకొలది కాలి క్రింది పలకపై అడుగులు వేయవలసిన నృత్యపుటాటను విడుదల చేసినది. 2006లో నింటెండో వారి వీ యంత్రము ఆటగాని చేతి విసురునే టెన్నిస్ దెబ్బగా గ్రహింప నేర్చినది. 2010లో మైక్రోసాఫ్ట్ వారి కినెక్ట్, చేతిలో ఏ పరికరమును లేకుండగనే, మనిషి దేహమంతటిని కెమెరా కంటితో చూచి లెక్కగట్టినది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రము ఆ నృత్యపుటాటను తన 765 ప్రభుత్వ పాఠశాలలన్నిటను నెలకొల్పుదునని 2006లో ప్రకటించుటయు జరిగినది.

ఇంతకును ఈ యంత్రములు చేసిన మేలెంత? 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లివర్‌పూల్ పరిశోధకులు ప్రకటించిన చిన్న పరిశీలనలో, వీ ఆట ఆడిన బాలురును బాలికలును కూర్చుండి ఆడువారికంటె అధికముగా శక్తిని వ్యయించిరి గాని, నిజమైన టెన్నిస్, నిజమైన బాక్సింగు కోరునంత శ్రమ వారు పడలేదు. 2011లో న్యూజిలాండునందు, అప్పటికే బరువెక్కియున్న 322 మంది పిల్లలపై 24 వారముల పాటు జరిపిన ప్రయోగము కొంత ఆశాజనకము: ఇట్టి ఆటలు పొందినవారి శరీర భార సూచిక, పొందనివారితో పోల్చగా, 0.24 మేర తగ్గినది. స్వల్పమే యైనను మేలే. అయితే 2012లో హ్యూస్టన్ పరిశోధకులు తొమ్మిది మొదలు పండ్రెండేండ్ల పిల్లల యిండ్లకు వీ యంత్రములనిచ్చి, కొందఱకు ఒళ్ళు కదలించు ఆటలను, మఱికొందఱకు కూర్చుండి ఆడు ఆటలను పంచి, ఎప్పుడెప్పుడు ఆడవలెనో ఎవ్వరును చెప్పక, నడుమునకు కదలిక కొలుచు పరికరములు కట్టి పదుమూడు వారములు గమనింపగా, ఉభయుల కదలికలలో తేడా యేమియు కానరాలేదు. యంత్రము ఇంటికి వచ్చినది, ఆట వచ్చినది. వ్యాయామము మాత్రము పెరుగలేదు. ప్రయోగశాలలో చెమట పట్టించిన వస్తువు ఇంటిలో ఏల పట్టింపలేదను ప్రశ్నకు జవాబు యంత్రములో వెదకిన దొరకదు, ఇంటిలోనే వెదకవలెను.

అట్లు వెదకి చూడవలసిన యిండ్లు సూరత్ నగరపు దక్షిణ దిక్కున, పాండేసరా పారిశ్రామికవాడ చెంతనున్న బమ్రోలిలో వేలకొలది గలవు. చేమగ్గము చితికిపోయిన పిమ్మట కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాల నుండి షోలాపురము, భివండి, సూరత్ త్రోవలు పట్టిన పద్మశాలీల సంతతి ఈ నగరమున తరములుగా నివసించుచున్నది. నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమమునను ప్రాథమిక పాఠశాలలు నడుపుచుండుటయే వారి ఉనికికి సాక్ష్యము. సాంచెల (మరమగ్గముల) ఖాతాలో పని సాధారణముగా పండ్రెండు గంటల పాళీ. కూలి మీటరు లెక్క. రాత్రి పాళీ ముగించి వచ్చిన తండ్రి కిటికీకి పాత దుప్పటి కట్టి పగలంతయు నిదురించును. ఆ గదియే వంటయిల్లు, ఆ గదియే పడకటిల్లు, చీరలకు మెఱుపు రాళ్ళంటించి నాలుగు రూపాయలు కూడబెట్టు తల్లికి కార్ఖానాయు ఆ గదియే. బడి లేని పూట పిల్లవాడు ఆ నాపరాతి నేలపై ఎగిరినచో క్రింది వాటావారు మెట్లెక్కి తగవునకు వత్తురు. తండ్రికి నిదుర చెడును. నిదుర చెడినవాడు రాత్రి సాంచె ముందర కునుకును. కునికినచో పోగు తెగినది కానరాక గుడ్డ చెడును, కూలిలో కోత పడును, ఒక్కొకతఱి వ్రేలే నలుగవచ్చును. ఇంత గొలుసు తల్లికి ఎవరును వివరింపనక్కరలేదు. ఆమె తన ఫోను బిడ్డ చేతిలో పెట్టి, శబ్దము పూర్తిగా తగ్గించి, "సప్పుడు చెయ్యకు బిడ్డా, నాయిన పండిండు" అని గొణిగి, తిరిగి రాళ్ళపైకి వంగును.

కావున ఆ బిడ్డ కదలకుండుట సోమరితనము కాదు, దురలవాటు కాదు. ఆ యింటి బ్రతుకుదెరువునకు అది అవసరము. సెల్లు పట్టుకొని పిల్లలు చెడిపోవుచున్నారని సభలలో వాపోవు వక్తలు గాని, 2019 మార్చిలో పబ్జీ ఆటను నిషేధించి, ఆడినవారిని అరెస్టు సైతము చేసిన రాజకోట పోలీసులు గాని ఈ సంగతి ఎఱిగినట్లు తోచదు. ఇట్టి గదికి ఎగిరిపడు ఆటను తెచ్చి యిచ్చుట, దాత ఎంత సదుద్దేశము గలవాడైనను, ఆ తల్లికి చేసిన అపకారమే యగును. ఆమె కోరునది బిడ్డను కదలించు తెర కాదు, కదలనీయని తెర.

పేదవాడలలో స్థూలకాయ మెక్కడిదని ఇచ్చట ఎవరైన అడుగవచ్చును. తూనికరాయి చెప్పు సత్యము మన దేహముల విషయమున అర్ధసత్యము. పూనా వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ యిరువురి ఛాయాచిత్రమును 2004లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఇరువురి శరీర భార సూచికయు 22.3; తెల్లదొర దేహమున కొవ్వు నూటికి 9.1 పాళ్ళు, మనవానియందు 21.2. బక్కగా కనబడుచునే లోలోపల కొవ్వు పేరుకొను దేహము మనది. ఈ కారణముననే భారతీయులకు ఆ సూచిక 25 గాక 23 దాటగనే అధిక భారముగా నెంచవలెనని వైద్యులు నిర్ణయించిరి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను చూడుడు: అయిదేండ్లలోపు పిల్లలలో ఎదుగుదల కుంటువడినవారు నూటికి 35.5, అధిక భారము గలవారు 3.4, ఈ రెండవ సంఖ్య అంతకు ముందటి సర్వేలో 2.1 మాత్రమే. బాల్యమున చాలీచాలని తిండి, పిదప వీధి చివర చవుకగా దొరకు ఫాఫ్డా, వడాపావు, వానిపై పగలెల్ల కూర్చుండుట: ఈ మూడును ఒక్క బిడ్డయందే కలిసినపుడు రాబోవునది ముప్పదియేండ్లకే చక్కెరవ్యాధి. పండ్రెండు గంటలు సాంచెల నడుమ నడచు తండ్రికి ఆ నడకయే వ్యాయామము గదా యనుటయు సరి కాదు. గుండెను ఉరికించి పిదప విశ్రాంతినిచ్చు శ్రమ వేఱు, విరామము లేక కాళ్ళను ఈడ్పించు శ్రమ వేఱు.

గది యిరుకైనచో వీధికే పంపు వీడియో ఆట యొకటి లేకపోలేదు. పోకెమాన్ గో లోకమునెల్ల నడిపించిన సంవత్సరము 2016. ఆ సెప్టెంబరునందు గుజరాత్ హైకోర్టులో దానిపై ఒక ప్రజాహిత వ్యాజ్యము పడినది; వ్యాయామమును గూర్చి కాదు, ఆ ఆటలోని గుడ్లు దేవాలయములలో ప్రత్యక్షమగుట భక్తుల మనస్సులకు నొప్పి కలిగించునని! డిసెంబరులో జియో సంస్థ తోడ్పాటుతో ఆట మన దేశమునకు అధికారికముగా రానే వచ్చినది. ఆ నెలలోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన అమెరికా పరిశీలన ప్రకారము, ఆట మొదలుపెట్టిన మొదటి వారమున రోజునకు సగటున 955 అడుగులు పెరిగినవి. ఆఱవ వారము నాటికి నడక యథాస్థితికి దిగినది.

ఆఱు వారములే కదా యని ఈసడింపబోయి ఆగితిని. మన బతుకమ్మ నిలుచునది తొమ్మిది దినములే, గుజరాతీల గర్బాయు అన్నియే రాత్రులు. ఆ లెక్కన యంత్రమే మేలని వాదించువారు ఉండవచ్చును. కాని బతుకమ్మ మరుసటి యేడు తప్పక వచ్చును, ఒంటరిగా రాదు. ఇరుగుపొరుగు ఆడువారు వచ్చి తలుపు తట్టుదురు. చప్పట్లు చఱచుచు గంటలకొలది వలయముగా తిరుగు ఆ స్త్రీలలో ఒక్కతెయు తాను వ్యాయామము చేయుచున్నానని తలంపదు. క్రొత్తదనము సన్నగిల్లిన పిదపయు మనిషిని ఆటకు రప్పించునది తోడు, తావు. ఈ రెండును ఉన్నచోట వీడియో ఆట కూడ కొంత పని చేయగలదని నా యభిప్రాయము: సిగ్గుపడు ఆడపిల్లచేతను, కబడ్డీ జట్టులో ఎవరును చేర్చుకొనని లావుపాటి పిల్లవానిచేతను మొదటి అడుగు వేయించుటకు అది మంచి నెపము. ఆ యడుగు గదిలో కాక బడి హాలులో, నలుగురి నడుమ పడవలెను.

1994లో ప్లేగు భయముతో ప్రజలు పట్టణము విడిచి పాఱిపోయిన పిమ్మట, 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు ఈ సూరత్‌ను బాగుచేసినది మందుబిళ్ళలు పంచి కాదు, చెత్త యెత్తించి, వీధులు ఊడ్పించి, అధికారులను నిత్యము వాడలలోనికి పంపి. బిడ్డల కదలికయు అట్టి మునిసిపల్ పనియే. సాయంకాలము గంట మ్రోగగానే తాళము పడు మునిసిపల్ బడులను రాత్రి ఎనిమిది వఱకు, బడి లేని దినములలో పగటిపూట కూడ, తెఱచి యుంచినచో, అచ్చట చిర్రగోనె ఆడినను సరే, తెర ముందర గంతులు వేసినను సరే. యంత్రమును దానమిచ్చుటకు మిల్లు యజమానులు దొరకుదురు. ప్రారంభోత్సవము, ఫొటో ఉండును. గేటు తెఱచి కూర్చుండు కాపలాదారుని జీతమునకు ప్రారంభోత్సవము లేదు గనుక దానికి దాతలు దొరకరు. వచ్చు బడ్జెటులో నగరపాలక సంస్థ మొదట వ్రాసికొనవలసిన పద్దు అదియే. యంత్రము సంగతి దాని తరువాత చూచుకొనవచ్చును.